బాపు బనియను, నా హైడ్రోజన్ మేఘం

హైడ్రోజన్ చాలా మర్యాదస్తురాలైన వాయువు. ఎవరి జోలికీ పోదు. నక్షత్రాల మధ్య, చలిలో, చీకట్లో, తన మానాన తాను మబ్బులు కట్టుకుని యుగాల తరబడి పడుంటుంది. అట్లాంటి దాన్ని మాజ్రి గని కాలనీకి లాక్కొచ్చి, గణపతి ముందు వేలాడదీసి, ఊరందరి ముందూ పరువు తీసిన ఘనత నాది. తీసింది హైడ్రోజన్ పరువు కాదులెండి, మా ఇంటి పరువు. ఎట్లా తీశానో చెప్తాను, హాయిగా నవ్వుకోండి. కాకపోతే ముందు ఒక్క పని చేయండి. మీ ఇంట్లో తెల్లబట్టలు ఏ పొడితో ఉతుకుతారో కనుక్కుని ఉంచుకోండి. ఆ ఒక్క ముక్క నేను ముందే కనుక్కుని ఉంటే ఈ కథే లేదు.

అప్పుడు నేను నాగపూర్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. గణపతి పండక్కి ఇంటికొచ్చాను. తలలో సరిగ్గా ఒకే ఒక్క పాఠం ఉంది, అదీ కొత్తగా ఎక్కింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా ఫిజిక్స్ ఎక్కిన పిల్ల పొద్దే కాదు, ఎదురుగా ఉన్న మనిషిని కూడా ఎరగదు. పాలు పోసేవాడికి కూడా నక్షత్రాల గురించి చెప్పేదాన్ని. పాపం అతను రెండు రోజులు విని, మూడో రోజు నుంచి పాలు గేటు దగ్గరే పెట్టి పోవడం మొదలుపెట్టాడు.

మా తాత కాలంలో బొగ్గు పనికి తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాలు మావి. కాలనీలో తెలుగువాళ్ళకు ఒక గణపతి మండలి ఉంది. దానికి అధ్యక్షుడు మా బాపు, అదే మా నాన్న, మల్లయ్య. ఆ పదవి వేరే ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఏళ్ళ తరబడి ఆయనదే. మహారాష్ట్రలో గణపతిని కూర్చోబెడితే సరిపోదు, పక్కన ఒక దృశ్యం కట్టాలి. కొండలు, కోటలు, చంద్రుడి మీద దిగిన రాకెట్టు, ఎవరి సత్తా వాళ్ళది. పెద్దలు వచ్చి చూస్తారు. ఎవరి దృశ్యం బాగుంటే నిమజ్జనం ఊరేగింపులో ఆ మండలి అందరికంటే ముందు నడుస్తుంది.

మేం ఎప్పుడూ వెనకే. ఎందుకంటే మావాళ్ళు ప్రతి ఏడాదీ ఒకటే కట్టేవాళ్ళు: బొగ్గు గని. గోనెపట్టాలకు నల్లరంగు పూసి ఒక గుహ, లోపల రేకు డబ్బాతో ఒక ట్రాలీ. పొద్దంతా గనిలో ఉండి వచ్చినవాళ్ళు సాయంత్రం మళ్ళీ గని ఎందుకు చూస్తారు? చివర నడవడమంటే ఏమిటో మీకు తెలియదు. ముందు మండళ్ళు చల్లిన రంగుపొడి, గులాలంతా మీ మీదే పడుతుంది. మీ గణపతి నది దగ్గరికి చేరేసరికి చూడవచ్చిన జనం ఇళ్ళకు పోయి అన్నాలు తింటుంటారు. బాపు ఏటా గులాబి రంగు కనుబొమ్మలతో ఇంటికొచ్చేవాడు.

ఆ ఏడాది బాపుకు రిటైర్మెంటు. క్వార్టరు వదలాలి, దాంతో మండలీ వదలాలి. పండగకు ముందు ఒక సాయంత్రం చాయ్ తాగుతూ అన్నాడు.

"ఒక్కసారి ముందట నడవాలె బిడ్డ. గింతే నా కోరిక. అందరి ఎన్క నడిచి నడిచి నాకు ఈ ఊరోళ్ళ ఈపులే తెలుసు, మొఖాలు తెల్వయి."

నవ్వుతూనే అన్నాడు. నేనుండగా మా బాపు జనం వీపులు చూస్తూ రిటైరవడమా అనుకున్నాను. అక్కడే మొదలైంది మన దరిద్రం.

మండలి మీటింగు మా ఇంటి ముందే జరిగింది. బాపు, ఆయన తమ్ముడు సమ్మయ్య కాక, ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కైన పక్కింటి రాజవ్వ, మరికొందరు.

"ఈసారి బొగ్గు వద్దు," అన్నాను. "హైడ్రోజన్ మబ్బు పెడదాం."

"గదేంది?" అన్నాడు బాపు.

"చుక్కల నడుమ ఖాళీ ఉంటది గదా, అది ఖాళీ కాదు బాపు. అండ్ల హైడ్రోజన్ ఉంటది. రెండు పరమాణువులు చేతులు పట్టుకొని జంటగ ఉంటయి. పక్కన మస్తు వేడి చుక్క ఉన్నదనుకో, దాని నుంచి అతినీలలోహిత కాంతి వస్తది. మన కంటికి కనవడది. ఆ కాంతిని ఈ జంట మింగుతది. మింగినంక మెరుస్తది."

"మెరిస్తె కనవడ్తదా?"

"కనవడది. ఆ మెరుపు గూడ మన కంటికి అందే రకం కాదు."

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అంటే, కనవడని వెలుగు పోయి కనవడని గాలి మీద పడితె, కనవడని వెలుగు వస్తది. గంతేనా?"

"గంతే."

"మరి పబ్లిక్‌కు సూపెట్టేదేంది బిడ్డ?"

రాజవ్వ తమలపాకు నములుతూ, "బొగ్గే నయముండె. కనీసం నల్లగనన్న కనవడ్తుండె," అంది.

నన్ను ఆదుకున్నది సమ్మయ్య కాక ఒక్కడే. "సదువుకున్న పోరి చెప్తున్నది, జెర వినుండ్రి," అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి. నా పక్షాన నిలిచిన ఏకైక మనిషికి నేను ఏం చేశానో తర్వాత చూద్దురు గాని.

నా ఉపాయం ఇది. పెళ్ళిళ్ళలో డీజే వాళ్ళు ఊదారంగు ట్యూబులు పెడతారు చూశారా, వాటి నుంచి వచ్చేది చాలావరకు అతినీలలోహితమే. ఆ ట్యూబు నక్షత్రం. తెల్లటి పత్తి హైడ్రోజన్ మబ్బు. నల్ల గుహ మనకు ఎట్లాగూ ఉంది, అది ఆకాశం. కాకకు డీజే నడిపే దోస్తు ఉన్నాడు. ఆ సాయంత్రమే ఒక ట్యూబు పట్టుకొచ్చాడు. ఇంట్లో దీపాలన్నీ ఆర్పి వెలిగించాం.

దండెం మీద ఆరేసిన బాపు బనియను, లోపల మనిషి లేకుండా, చీకట్లో నీలంగా నిగనిగలాడుతూ నిలబడింది.

"అవ్వో, ఎవలదే గది?" అంది అమ్మ.

"నాదే," అన్నాడు బాపు, కొడుకు ఫస్టు క్లాసులో పాసైనట్టు.

అందరూ చప్పట్లు కొట్టారు. బనియను పత్తిదే కదా. బనియను మెరిసింది కాబట్టి పత్తి మెరుస్తుంది. ఒక బనియను, ఒక ప్రయోగం, ఒక విశ్వనియమం. మా ప్రొఫెసరు గనక అక్కడ ఉంటే నన్ను ఆ బనియనుతోనే కొట్టేవాడు.

కాక అత్తగారిది గోండ్‌పిప్రి. వాళ్ళింట్లో పోయినేటి పత్తి అమ్మకుండా మిగిలిందని తెలిసి బస్సు మీద వేసుకుని బస్తాలకు బస్తాలు తెచ్చాడు. దాన్ని పీకి, పెంచి, దారాలకు కట్టి గుహ నిండా వేలాడదీశాం. పగటి వెలుతురులో చూస్తే ఎంత బాగుందో చెప్పలేను. ట్యూబు మాత్రం డీజే దోస్తు ఏదో ఫంక్షన్‌కు కావాలని తీసుకుపోయాడు. పెద్దలు చూడ్డానికి వచ్చే రోజు సాయంత్రం సరిగ్గా టైముకు తెస్తానన్నాడు.

"ఒకపారి లైటేసి సూస్కోరాదె," అంది అమ్మ.

"అమ్మా, బనియను పత్తిది. ఇది పత్తి. ఇంకేం సూడాలె?"

"బియ్యం వండితె అన్నమైతది. గట్లని ఇస్తార్ల బియ్యం పోస్తె తింటవా?"

అమ్మకు ఫిజిక్స్ తెలియదులే అని జాలిపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ జాలి ఎవరి మీద పడాల్సిందో తెలుస్తోంది.

ఆ రోజు రానే వచ్చింది. మరాఠీ ఇళ్ళలో అది గౌరమ్మ వచ్చే రోజు. విదర్భలో మహాలక్ష్మి అంటారు. గడప నుంచి దేవుడి గది దాకా ముగ్గుతో చిన్న చిన్న పాదాలు వేసి, అమ్మవారు నడిచి వచ్చినట్టు లోపలికి పిలుస్తారు. మావాళ్ళు కూడా పొద్దున్నే తలలంటుకుని, కాళ్ళకు నూనె కలిపిన పసుపు పట్టించుకున్నారు. మిగతావాళ్ళు కాళ్ళకు పసుపు రాసుకుంటారు. రాజవ్వ పసుపులో కాళ్ళు పెడుతుంది.

నేను గుహ వాకిట్లో నిలబడి పెత్తనం చేస్తున్నాను. నేల మీద కొత్త నల్ల పట్టా పరిపించాను. "లోపలికి ఎవలూ చెప్పులతోని రావద్దు. దుమ్ము పడ్తది," అని అరిచాను. రాజవ్వ చెప్పులు విడిచి, పూలబుట్ట పట్టుకుని వాకిలి నుంచి గణపతి దాకా నింపాదిగా నడిచివెళ్ళింది. మామూలు బల్బు వెలుతురులో ఆ నల్ల పట్టా మీద ఏమీ కనబడలేదు. నా తెలివిలాగే శుభ్రంగా ఉంది.

పొద్దుగూకే వేళకు డీజే ట్యూబులు వచ్చాయి, వాటి వెనకే పెద్దలూ వచ్చారు. ఇద్దరు. ఒకరు మరాఠీ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన పెద్ద మేడం. రెండో ఆయన, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకున్న గని ఆఫీసరు సాహెబు. వెనక జనం. నడుమ దారి వదిలి, రెండు పక్కలా గుహ కిక్కిరిసిపోయింది. బాపు తెల్లచొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని గణపతి పక్కన నిలబడ్డాడు. స్విచ్చు దగ్గర కాక. మైకు నా చేతిలో. మైకు నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.

మరాఠీలో దంచాను. జంటలు జంటలుగా హైడ్రోజన్, పక్కన మండే నక్షత్రం, కనబడని కాంతి, అంతా చెప్పాను. జనం ముఖాలు ఎట్లా పెట్టారంటే, పెళ్ళిలో అన్నాలు ఆలస్యమైనప్పుడు పెడతారే, అట్లా. వీళ్ళకు అర్థమయ్యే ఉదాహరణ ఒకటి కావాలి. నా కళ్ళు అటూ ఇటూ తిరిగి కాక మీద ఆగాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కాక జీతం రోజున దోస్తు వాళ్ళ మేడ మీదికెక్కి కొంచెం పుచ్చుకుంటాడు. దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీదా ఆగి ఒక్కో పాట పాడతాడు. కాలనీ అంతటికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆ మర్యాదను ఇన్నేళ్ళు కాలనీ కాపాడింది. నేను మైకులో కాపాడలేకపోయాను.

"ఈ హైడ్రోజన్ అణువు అచ్చం మా సమ్మయ్య కాక లాంటిది," అన్నాను. "ఒక్క గుక్కలో మింగుతుంది. మింగగానే పైకెక్కుతుంది. పైన ఎంతోసేపు ఉండలేదు. అందుకని మెట్టు మెట్టూ దిగుతుంది. కాక మెట్టుకో పాట పాడినట్టు, అది మెట్టుకో కొంచెం వెలుగు విడుస్తుంది. అదే మనకు మెరుపు."

గుహ అదిరిపోయేట్టు నవ్వారు. మొదటిసారి జనానికి ఖగోళశాస్త్రం అర్థమైంది. ఆ నవ్వుకు నాకు ఇంకా ఊపొచ్చింది. "అన్నీ క్షేమంగా దిగవు. కొన్ని దిగే లోపలే జంట విడిపోతాయి కూడా," అన్నాను. నిజమే, శాస్త్రం అదే చెబుతుంది.

వెనక నుంచి మా చిన్నమ్మ, అంటే కాక భార్య, నెమ్మదిగా అంది. "గది గూడ అయితది. ఇంటికి పోయినంక."

కాక నా వైపు చూసిన చూపు అతినీలలోహితం కంటే వేడిగా ఉంది. పళ్ళు కొరుక్కుంటూ బల్బు ఆర్పి, ట్యూబులు వేశాడు.

నా మబ్బులు మెరవలేదు.

మెరవకపోవడం అంటే ఏదో మసకగా ఉండటం కాదు, అసలు కనబడకుండా పోయాయి. అంత పత్తీ చీకట్లో కలిసిపోయింది. మెరిసింది ఎవరంటే సాహెబు. చొక్కా, ప్యాంటు, జేబురుమాలు, చివరికి పళ్ళు కూడా. ఆ పక్కన బాపు చొక్కా. ఇంకో పక్కన మండలి మగవాళ్ళ చొక్కాలు. ఆ గుహలో మబ్బులు తప్ప అందరూ మెరుస్తున్నారు.

"భూత్," అని ఒక చంటిపిల్ల సాహెబును చూసి ఏడుపు అందుకుంది.

సాహెబు తన చేతులు, చొక్కా చూసుకుని, "హైడ్రోజన్ ఎక్కడమ్మా?" అన్నాడు మరాఠీలో.

"వస్తది సార్, ఇప్పుడే వస్తది," అన్నాను, బస్సు గురించి చెప్పినట్టు.

సంగతేమిటంటే, బనియనులో మెరిసింది పత్తి కాదు. తెల్లబట్టలు ఇంకా తెల్లగా కనబడాలని ఉతికే పొడిలో కలిపే మందు. కనబడని కాంతిని మింగి నీలంగా వదిలేది అది. మా కాలనీలో బొగ్గు మసి వదలగొట్టడానికి ఆడవాళ్ళు ఆ పొడి దోసిళ్ళతో పోస్తారు. గోండ్‌పిప్రి పత్తి పుట్టిన దగ్గర్నుంచీ సబ్బు మొహం చూడలేదు. దానికి తోడు మా ఊరి గాలికి దాని మీద బొగ్గు పొడి పేరుకుంది. ఆకాశంలో కూడా ధూళి ఎక్కువైతే మబ్బు లోపలికి ఈ కాంతి చొరబడలేదట. ఆ ఒక్క విషయంలో మా మబ్బు అసలు మబ్బుకు ఏమీ తీసిపోలేదు. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం బాపు వైపు చూసే ధైర్యం రాలేదు. తల దించుకున్నాను.

అప్పుడు మేడం గొంతు వినబడింది. "గౌరీ ఆలీ." గౌరి వచ్చిందని.

అందరం కిందికి చూశాం. నల్ల పట్టా మీద, వాకిలి నుంచి గణపతి పీట దాకా, ఒకదాని తర్వాత ఒకటి, పచ్చటి వెలుగుతో పాదాలు. ఐదేళ్ళూ వేరువేరుగా కనబడుతున్నాయి. అమ్మవారు ఇప్పుడే నడిచి లోపలికి వెళ్ళినట్టుంది. మేడం చెప్పులు లేని కాళ్ళతో ఒక పక్కకు తప్పుకుని, చేతులు జోడించి నిలబడిపోయింది. ఏడ్చే చంటిపిల్ల కూడా ఊరుకుంది. నవ్విన జనమంతా దండం పెట్టారు.

బాపు నా వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు స్పష్టంగా తెలుసు. గెలిచినం బిడ్డ, ఊకో, అని ఉంది. నేను ఊరుకుంటే చాలు. నేనేం చేయనక్కర్లేదు, మైకు కింద పెడితే చాలు.

నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా అంటారు. నేను తెరిస్తే మా బాపు కోరిక రాలింది.

"మేడం, అవి గౌరి పాదాలు కావండి," అన్నాను మైకులో. "రాజవ్వవి. పసుపు కూడా ఈ కాంతిని మింగి వెలుగు విడుస్తుంది. హైడ్రోజన్ లాగే."

బాపు మెల్లగా తల తిప్పుకుని గణపతి దండ సర్దడం మొదలుపెట్టాడు. ఆ దండ అప్పటికి బాగానే ఉంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. హైడ్రోజన్ మీద, పత్తి మీద, అన్నిటికంటే ముందు నా నోటి మీద అసహ్యం వేసింది.

"నీ సదువు సల్లగుండ," అంది రాజవ్వ చీకట్లోంచి. "నన్ను ఒక్క నిమిషమన్న దేవతను కానియ్యవైతివి."

ఫలితాలు మర్నాడు మైదానంలో చెప్పారు. కదిలే ఏనుగు కట్టిన మండలికి మొదటి స్థానం. మాది ఎప్పటిలాగే చివర. బాపు చప్పట్లు కొట్టాడు. ఆయన చప్పట్లు కొట్టడం చూడలేక నేను పక్కకు తిరిగాను. అంతలో మేడం మైకు తీసుకుంది.

"ఇంకో మాట," అంది. "గణపతిని సాగనంపేటప్పుడు తల్లి ముందు నడవాలి. రాత్రంతా ఆ పాదాలే నా కళ్ళ ముందున్నాయి. ఆ పాదాలు ఎవరివో ఆ పిల్ల చెప్పింది, మంచిది. గౌరి ఎవరి కాళ్ళతో వస్తే మనకేం? ఊరేగింపు ఆ తల్లి అడుగులతో మొదలవ్వాలి."

జనం ఓహో అన్నారు. ఏనుగు మండలి వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. తల్లి అన్నాక కాదనేదెవరు. అందరూ రాజవ్వ వైపు తిరిగారు. రాజవ్వ తమలపాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది.

"నేను నడుస్త. కాని ఆ లైటు లేకుంటె నా కాళ్ళు ఉత్త కాళ్ళే గదా. ఎవలన్న ముందట లైటు పట్టుకోవాలె," అని బాపు వైపు చూసింది. "మల్లన్నా, పడ్తవా?"

నిమజ్జనం రోజు, పొద్దుగూకుతుండగా, మాజ్రి రోడ్డు మీద ఊరేగింపు బయలుదేరింది. మా రోడ్డుకు నలుపు వేరే పూయక్కర్లేదు, బొగ్గు లారీలు ఆ పని చేస్తూనే ఉంటాయి. అమ్మ పసుపునూనె పళ్ళెం పట్టుకుని పక్కన నడుస్తోంది. రాజవ్వ అందులో పాదం ముంచి, అడుగు వేసి, తాను వేసిన అడుగును తానే ఒకసారి చూసుకుని, మళ్ళీ ముంచుతోంది. అడుగు పడిన చోటల్లా రోడ్డు మీద పచ్చటి వెలుగు. ఆమె వెనక కదిలే ఏనుగు, కోటలు, రాకెట్లు, బ్యాండు మేళాలు, ఊరు ఊరంతా. ఆమెను దాటే దమ్ము ఎవరికీ లేదు.

ఆమె ముందు మా బాపు. ఊదారంగు ట్యూబు రెండు చేతులా పట్టుకుని, వెలుగు ఆమె పాదాల మీద పడాలి కాబట్టి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. బాపు ముందు నడిచాడు, ఊరంతటికీ ముఖం పెట్టి. ఆయన చొక్కా, చొక్కా లోపలి బనియను అంచు నీలంగా వెలుగుతున్నాయి. ట్యూబుకు కావలసిన బ్యాటరీ నెత్తిన పెట్టుకుని కాక ఆయన వెంట నడుస్తున్నాడు, నాతో మాట్లాడకుండా.

నేను బాపు వీపు మీద చేయి వేసి దారి చెబుతున్నాను. "గుంతున్నది బాపు. జెర ఎడమకు."

"బిడ్డా," అన్నాడు బాపు, కళ్ళు జనం మీంచి తిప్పకుండా. "అగో, ఆ పెద్ద డోలు కొట్టేటాయనకు మీసాలున్నయే. ఇన్నేండ్ల సంది ఆయన ఈపు సూసి గుండున్న ముసలోడనుకున్న." కాస్త నడిచాక మళ్ళీ అన్నాడు. "అందరు మంచిగున్నరు బిడ్డ."

ఈసారి గులాలు ఆయన కనుబొమ్మల మీద పడలేదు. ఏడ్చింది మాత్రం నేనే. దుమ్ము పడిందని చెప్పాను, మాజ్రిలో ఆ అబద్ధం ఎవరైనా నమ్ముతారు.

ఇప్పుడు నేనే ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. బాపు బనియను సాక్షిగా, నిండు సభలో ప్రమాణం చేస్తున్నాను. ఉతికే పొడి సంగతి తేల్చుకోకుండా ఇక నక్షత్రాల జోలికి పోను. నిజం చెప్పాల్సి వస్తే ముందు మైకు ఆపి చెప్తాను. అన్నిటికంటే ముఖ్యంగా, హైడ్రోజన్ గురించి ఎంత అర్థం కాని పిల్లలకు చెప్పాల్సి వచ్చినా, చుట్టాలను ఉదాహరణగా వాడను.

ఎందుకంటే సమ్మయ్య కాక ఆ రోజు కోపాన్ని ఒక్క గుక్కలో మింగాడు. అప్పటి నుంచి మెట్టు మెట్టూ దిగుతూనే ఉన్నాడు. ప్రతి పండక్కీ ఒక మెట్టు, మెట్టుకో దెప్పు. మొన్న వచ్చి, "ఏం హైడ్రోజన్ మేడం, మంచిగున్నవా?" అని పోయాడు. ఇంకా ఎన్ని మెట్లున్నాయో ఫిజిక్స్ చెప్పలేకపోతోంది.